కళ్ల కింద సంచులకు ఆపరేషన్: అద్దం ముందు నుంచి కుట్లు విప్పేదాకా

కళ్ల కింద సంచులు తీయించుకుందామని వచ్చేవాళ్లలో ఎక్కువమంది కుర్చీలో కూర్చోగానే అనే మాట ఒకటే: "ఆ కొవ్వు తీసేయండి సార్, చాలు." వాళ్ల బాధ నిజమైనదే. రాత్రి కంటినిండా నిద్రపోయి లేచినా, పాలబ్బాయి దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటావిడ దాకా "ఏందక్కా, ఒంట్లో బాలేదా?" అని అడుగుతుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ కంటి కింద కనిపించే ఉబ్బంతా కొవ్వు కాదు. కొవ్వే అయినా, అంతా తీసేయాల్సిందీ కాదు.

నేను డాక్టర్ని కాను. నెల్లూరులో ఒక కంటి ఆసుపత్రిలో ఆపరేషన్‌కి ముందు పేషెంట్లతో, వాళ్ల ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడే పని నాది. అక్కడ రోజూ చెప్పేవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు చదువుకుంటే ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

1. ముందు అద్దంలో చూసుకోండి

కాటుక, పౌడరు ఏమీ లేకుండా మొహం కడుక్కుని, కిటికీకి ఎదురుగా నిలబడండి. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇలా ఓ వారం చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

తల కదపకుండా కళ్లు మాత్రం పైకెత్తి ఇంటికప్పు వైపు చూడండి. ఉబ్బు ఇంకా ముందుకు పొడుచుకొస్తే అది కొవ్వు. కంటిగుడ్డు చుట్టూ మెత్తగా కొవ్వు ఉంటుంది, దాన్ని ఒక పల్చటి పొర లోపల ఆపి ఉంచుతుంది. వయసుతోనో, వంశపారంపర్యంగానో ఆ పొర వదులైతే, బస్తా కుట్టు సడలినప్పుడు సరుకు బయటికి తోసుకొచ్చినట్టు కొవ్వు ముందుకొస్తుంది. అమ్మకో నాన్నకో ఉంటే పాతికేళ్లకే రావచ్చు. ఇలాంటివాళ్లు క్రీములు ఎన్ని రాసినా ప్రయోజనం ఉండదు.

పొద్దున బాగా ఉబ్బి, సాయంత్రానికి తగ్గిపోతే అది నీరు. ముందురోజు రాత్రి ఎండుచేపల పులుసో, ఆవకాయ అన్నమో తిన్నాక ఎక్కువైందేమో గమనించండి. దీనికి కత్తితో పని లేదు.

కింది రెప్ప చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టి వదలండి. ముడత అలాగే నిలిచిపోతే చర్మం వదులైందని అర్థం. కంటికి కాస్త కింద, చెంప ఎముక మీద మెత్తటి వాపు వేలాడుతుంటే మాత్రం అది వేరే రకం. మామూలు రెప్ప ఆపరేషన్‌తో అది పోదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది కూడా. డాక్టర్‌కి దాన్ని వేలుపెట్టి చూపించి అడగండి.

ఇక నలుపు. మొహానికి ఎదురుగా టార్చి వేసుకుని చూస్తే నలుపు పోయిందా? అయితే అది ఉబ్బు వల్ల, దాని కింద గుంట వల్ల పడే నీడ. ఆపరేషన్‌తో నీడ తగ్గుతుంది. టార్చి వేసినా నలుపు అలాగే ఉంటే అది చర్మం రంగే. మన ప్రాంతంలో ఇది చాలామందికి ఉంటుంది, ఏ రెప్ప ఆపరేషనూ దాన్ని మార్చదు. ఈ ఒక్కటి ముందే తెలియక, ఆపరేషన్ చక్కగా జరిగినా కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను.

2. ఒంట్లో జబ్బు లేదని తేల్చుకోండి

కనిగిరి, పామూరు, పీసీపల్లి వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువని మనందరికీ తెలుసు. మూత్రంలో ప్రోటీన్ పోతుంటే పొద్దున్నే మొదట ఉబ్బేది కళ్ల చుట్టూనే. అందుకే ఆ ప్రాంతంవాళ్లయినా, షుగరు, బీపీ ఉన్నవాళ్లయినా, ఒళ్లునొప్పులకని ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు వేసుకునేవాళ్లయినా మూత్ర పరీక్ష, కిడ్నీల పనితీరు చూపే రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా అందం ఆపరేషన్ మాటే ఎత్తొద్దు. కాళ్ల వాపు కూడా ఉంటే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లడమే మొదటి పని.

థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ కంటి జబ్బు ఉన్నవాళ్లకు కళ్లు ముందుకొచ్చి రెప్పలు ఉబ్బుతాయి. అది చల్లబడి కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే రెప్పల జోలికి వెళ్తారు.

చీమకుర్తి క్వారీల దుమ్ములో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లకు, దుమ్ముతో తుమ్ములు వచ్చేవాళ్లకు కళ్లు దురదపెట్టి, నలిపి నలిపి ఉబ్బుతాయి. ముందు ఎలర్జీకి వైద్యం చేయించుకోవాలి. నలిపే అలవాటు పోకుండా ఆపరేషన్ చేయించుకుంటే, ఆ కుట్ల మీదే మళ్లీ నలుపుతారు.

ఉబ్బు ఒక కంటికే ఉండి, కొద్ది వారాల్లోనే పెరిగితే, నొప్పి ఉంటే, ఒకటి రెండుగా కనిపిస్తుంటే ఇవేవీ ఆలోచించకుండా వెంటనే కంటి డాక్టర్‌కి చూపించండి.

3. ఏయే ఆపరేషన్లు ఉన్నాయో అర్థం చేసుకోండి

కింది రెప్ప ఆపరేషన్‌ని బ్లెఫరోప్లాస్టీ అంటారు. ఆ పేరు కింద నాలుగైదు వేర్వేరు పనులు ఉన్నాయి. మీకు అందులో ఏది చేస్తున్నారో తెలుసుకోవడం మీ హక్కు.

రెప్ప లోపలి నుంచి చేసేది మొదటిది. కింది రెప్పను ముందుకు లాగి, లోపలి ఎర్రటి పొరలో కోసి, అక్కడి నుంచి కొవ్వును సరిచేస్తారు. బయట గాటు ఉండదు, మచ్చ ఉండదు, చాలామందికి కుట్లు కూడా అవసరం పడవు. ఇదేమీ కొత్తది కాదు, ఫ్రాన్స్‌లో బూర్గే అనే సర్జన్ 1924లోనే దీన్ని వివరించాడు. చర్మం బిగువుగా ఉండి కొవ్వు మాత్రమే ముందుకొచ్చినవాళ్లకు, ముఖ్యంగా ముప్పై, నలభై ఏళ్లవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. రెప్ప కిందికి జారిపోయే ప్రమాదం కూడా ఇందులో తక్కువ.

రెండోది బయటి నుంచి చేసేది. వెంట్రుకల కింద ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో సన్నగా గీసి, చర్మాన్ని, కావాలంటే కొంత కండరాన్ని కూడా లేపి, కొవ్వు సరిచేసి, మిగిలిన చర్మం తీసేస్తారు. వదులు చర్మం బాగా ఉన్న యాభై, అరవై ఏళ్లవాళ్లకు ఇది అవసరమవుతుంది. గీత కొన్ని నెలల్లో దాదాపు కనపడకుండా పోతుంది. కానీ చర్మం అవసరానికి మించి తీస్తే రెప్ప కిందికి లాక్కుపోయి కంటి తెల్లగుడ్డు ఎక్కువగా కనిపిస్తుంది, ఒక్కోసారి రెప్ప అంచు బయటికి తిరుగుతుంది. అప్పుడు కంట్లో నీళ్లు కారడం, మంట, పొడిబారడం మొదలవుతాయి.

వీటి మధ్య ఇంకో దారి ఉంది. లోపలి నుంచి కొవ్వు సరిచేసి, బయట కాస్త చర్మాన్ని మాత్రం చిటికెతో పట్టినట్టు పట్టి కత్తిరిస్తారు. కండరాన్ని ముట్టుకోరు. కొద్దిగా ముడతలు ఉన్నవాళ్లకు నా దృష్టిలో ఇది చాలా మంచి దారి.

ఇప్పుడు అసలు విషయం, కొవ్వును తీయాలా, సర్దాలా? కింది రెప్పలో కొవ్వు మూడు అరల్లో ఉంటుంది: ముక్కు వైపు ఒకటి, మధ్యలో ఒకటి, చెవి వైపు ఒకటి. వెనకటి రోజుల్లో మూడింటి నుంచీ ధారాళంగా తీసేసేవాళ్లు. మొదట బాగానే ఉండేది. వయసు పెరిగి చెంపల్లో కొవ్వు కరిగేసరికి కళ్లు లోపలికి పోయి, గుంతలు పడి, మనిషి జబ్బుపడి లేచినట్టు కనిపించేవాడు. తీసిన కొవ్వును తిరిగి పెట్టడం చాలా కష్టం. అందుకే ఇప్పుడు చాలామంది సర్జన్లు ముక్కు వైపు, మధ్యలో ఉన్న కొవ్వును కిందికి జరిపి, ఉబ్బు కింద కనిపించే గుంటలోకి సర్ది అక్కడ కుడతారు. ఉబ్బు తగ్గుతుంది, గుంటా పూడుతుంది. ఎత్తుపల్లం పోతే నీడా పోతుంది. వాపు కొంచెం ఎక్కువ రోజులు ఉంటుంది, అక్కడక్కడా గట్టిగా తగిలేది మెత్తబడడానికి కొన్ని వారాలు పడుతుంది. అయినా గుంట ఉన్నవాళ్లకు ఇదే మేలు. కొవ్వు మరీ ఎక్కువగా ఉండి గుంట లేనివాళ్లకు కొద్దిగా తీయడమే సరిపోతుంది. డాక్టర్‌ని "ఎంత తీస్తారు?" అని కాదు, "ఎంత ఉంచుతారు?" అని అడగండి. ఆ జవాబులోనే వాళ్ల అనుభవం తెలుస్తుంది.

రెప్ప బిగువు కూడా చూడాలి. అద్దంలో చూస్తూ కింది రెప్పను వేలితో కిందికి లాగి వదలండి, కన్ను ఆర్పొద్దు. టక్కున వెనక్కి అతుక్కుంటే బాగుంది. మెల్లగా వెళ్లినా, కన్ను ఆర్పితే తప్ప వెళ్లకపోయినా రెప్ప వదులుగా ఉన్నట్టు. అలాంటివాళ్లకు కంటి బయటి మూల దగ్గర రెప్పను ఎముక పొరకు బిగించే కుట్టు కూడా వేయాలి. అరవై దాటినవాళ్లను చూసి, ఈ పరీక్ష చేయకుండానే ఆపరేషన్ తేదీ ఇచ్చే చోట ఆగొద్దు. అలాగే పక్క నుంచి ఒక ఫోటో తీసుకోండి. చెంప ఎముక కన్నా కంటిగుడ్డు ముందుకు ఉంటే రెప్ప జారే ప్రమాదం ఎక్కువ, అది ముందే మాట్లాడుకోవాలి.

లేజరుతో ముడతలు పోగొడతామంటారు. మన చామనఛాయ చర్మానికి గట్టి లేజరు పడితే నలుపు మచ్చలు వచ్చే అవకాశం ఎక్కువ. ఎంత ఆశపెట్టినా తొందరపడొద్దు. గుంటను నింపడానికి వేసే ఫిల్లర్ అనే జెల్ ఇంజెక్షన్ ఆపరేషన్ కాదు, కొన్ని నెలల్లోనో ఏడాదికి కాస్త అటూ ఇటూగానో కరిగిపోతుంది. చిన్న గుంటకు పనికొస్తుంది, పెద్ద సంచికి పనికిరాదు. బ్యూటీ పార్లర్‌లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయించుకోకండి. మందు పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చూపే పోవచ్చు.

4. డాక్టర్‌ని ఎంచుకోండి

ఈ ఆపరేషన్ చేయడానికి రెండు రకాల డాక్టర్లు తగినవాళ్లు. కంటి వైద్యంలో ఎంఎస్ లేదా డీఎన్‌బీ చేసి, ఆపైన ఆక్యులోప్లాస్టీలో, అంటే రెప్పలు, కంటి చుట్టూ భాగాల సర్జరీలో ఫెలోషిప్ చేసినవాళ్లు ఒకరు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా దానికి సమానమైన డిగ్రీ ఉన్నవాళ్లు ఇంకొకరు. కాస్మెటిక్ కోర్సు చేశామని సర్టిఫికెట్ ఫ్రేము కట్టి పెట్టుకున్నంత మాత్రాన సర్జన్ అయిపోరు. రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడకండి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ చూసుకోవచ్చు.

నెల్లూరులో పొగతోట, దర్గామిట్ట చుట్టూ ఆసుపత్రులు చాలానే ఉన్నాయి. ఒంగోలులోనూ కంటి డాక్టర్లకు కొదవ లేదు. కానీ శుక్లాల ఆపరేషన్ వేలల్లో చేసినవాళ్లు కూడా రెప్పల పని ఎప్పుడో ఒకటి చేసి ఉండొచ్చు. కింది రెప్పకు ఏడాదిలో ఎన్ని చేస్తారో నేరుగా అడగండి. వాళ్ల పేషెంట్ల ముందు, తర్వాత ఫోటోలు చూపించమనండి, అదీ ఆరు నెలలు దాటాక తీసినవి. దగ్గర్లో దొరక్కపోతే చెన్నైలో శంకర నేత్రాలయ, విజయవాడ, హైదరాబాదుల్లో ఎల్వీ ప్రసాద్ లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో రెప్పలకు ప్రత్యేకంగా డాక్టర్లు ఉంటారు. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్ల పైచిలుకు, ఒంగోలు నుంచి విజయవాడ దాదాపు 150. దూరమేమీ కాదు, కానీ ఆపరేషన్ అయిన సాయంత్రమే బస్సెక్కి వచ్చేయొద్దు. ఎందుకో కింద చెబుతాను. ఆసుపత్రికి దగ్గర్లో ఒకటి రెండు రాత్రులు ఉండేలా, తోడుగా ఒకరు ఉండేలా చూసుకోండి.

ఆరోగ్య బీమా అందం కోసం చేసే ఆపరేషన్‌కి డబ్బు ఇవ్వదు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, మందులు, తర్వాత చూపించుకునే ఫీజులు, అవసరమైతే రెండోసారి సరిచేయడానికి అయ్యే ఖర్చు విడివిడిగా కాగితం మీద రాయించుకోండి.

5. తేదీ పెట్టుకునే ముందు

పెళ్లికి పదిహేను రోజుల ముందు చేయించుకుందామనుకునేవాళ్లు చాలామంది. వద్దు. కమిలిన రంగు పోవడానికి పది, పద్నాలుగు రోజులు, వాపు పూర్తిగా సర్దుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మాఘమాసంలో పెళ్లి ఉంటే కార్తీకంలోపే అయిపోవాలి. ఎండాకాలంలో చేయించుకోకూడదని కాదు గానీ, రోహిణి కార్తెలో చెమట కళ్లలోకి కారుతూ, కరెంటు పోతూ ఉంటే మీకే కష్టం. మామూలుగా చలికాలం హాయి.

కంటి పరీక్ష పూర్తిగా చేయించుకోవాలి. కన్నీళ్లు ఎంత ఊరుతున్నాయో చిన్న కాగితపు పట్టీ పెట్టి చూస్తారు. అయిదు నిమిషాల్లో 10 మిల్లీమీటర్ల కన్నా తక్కువ తడిస్తే కన్ను పొడిగా ఉన్నట్టు, అప్పుడు జాగ్రత్త పెరగాలి. అద్దాలు పోవడానికి లాసిక్ చేయించుకున్నవాళ్లు కనీసం ఆరు నెలలు ఆగాలి.

మీరు వేసుకునే ప్రతి మందూ చెప్పండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, నొప్పి మాత్రలు, చేపనూనె గుళికలు, విటమిన్ ఇ, ఆయుర్వేదం పొడులు, ఆర్‌ఎంపీ ఇచ్చిన పేరు తెలియని మాత్రలు కూడా. వీటిలో చాలా మందులు రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకోవచ్చు. గుండెకు స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆస్పిరిన్ ఆపేయొద్దు, గుండె డాక్టర్ రాసిచ్చాకే ఆపాలి. ఆయన వద్దంటే ఆపరేషనే మానుకోవాలి. కళ్ల కింద ఉబ్బు కన్నా గుండె ముఖ్యం. బీపీ, షుగరు అదుపులో ఉండాలి. సిగరెట్లు, బీడీలు కొన్ని వారాల ముందే మానేయాలి.

6. ఆపరేషన్ రోజు

తలంటుకుని, మొహానికి ఏమీ రాసుకోకుండా వెళ్లండి. ముందు కంట్లో చుక్కలు వేసి మొద్దుబారుస్తారు. తర్వాత రెప్పలో సన్నటి సూదితో మందు ఎక్కిస్తారు, ఆ కొన్ని క్షణాలే చురుక్కుమంటుంది. భయం ఎక్కువ ఉన్నవాళ్లకు సెలైన్‌లో కాస్త నిద్రమత్తు ఇస్తారు. కంటిగుడ్డు మీద రక్షణగా చిన్న తొడుగు పెడతారు. మందులో రక్తం కారడాన్ని తగ్గించే ఎడ్రినలిన్ ఉంటుంది, అది పట్టేదాకా కొన్ని నిమిషాలు ఆగుతారు.

కోత తెలియదు. కొవ్వును పట్టుకుని కదిపేటప్పుడు మాత్రం లోపలెక్కడో లాగినట్టు, బరువుగా అనిపిస్తుంది. అది మామూలే. నొప్పిగా ఉంటే చెప్పండి, ఇంకాస్త మందు వేస్తారు. రక్తనాళాలు మూసేటప్పుడు కాలిన వాసన వస్తుంది, కంగారు పడకండి. మధ్య అరలో కొవ్వు పసుపుగా, ముక్కు వైపుది కాస్త తెల్లగా ఉంటుంది. సర్జన్లు వాటిని అలా గుర్తుపడతారు. ఆ రెండింటి మధ్యలోనే కంటిని తిప్పే సన్నటి కండరం ఒకటి ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే ఒకటి రెండుగా కనిపిస్తుంది. అనుభవం ఉన్నవాళ్లనే వెతుక్కోమని అంతగా చెప్పేది అందుకే. రెండు కళ్లకూ కలిపి గంట, గంటన్నర పడుతుంది.

7. మొదటి రాత్రి

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. చాలా అరుదుగా కంటి వెనక రక్తం చేరి, చూపు నరాన్ని నొక్కేస్తుంది. ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది. ఒక కంట్లో తట్టుకోలేని నొప్పి, కన్ను ముందుకు తోసుకురావడం, రాయిలా గట్టిబడడం, చూపు మసకబారడం, ఇవి కనిపిస్తే ఫోన్ చేసి పొద్దున వస్తామని చెప్పడం కాదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. గంట, గంటన్నర లోపు ఒత్తిడి తగ్గిస్తే చూపు దక్కుతుంది. ఆసుపత్రికి దగ్గర్లో ఉండమన్నది ఇందుకే. రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో నంబరు తీసుకున్నాకే గది వదలండి. కంటికి కట్టు కట్టకపోతే, గంట గంటకూ ఒక్కో కన్ను మూసి గోడ మీద క్యాలెండర్ అంకెలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. ఆయింట్‌మెంట్ వల్ల కాస్త మసక సహజం. ఆర్పితే పోయే మసక వేరు, పోకుండా పెరిగే మసక వేరు.

8. ఇంటికొచ్చాక

మొదటి రెండు రోజులు మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పది, పదిహేను నిమిషాలు చల్లదనం పెట్టాలి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. కాచి చల్లార్చిన నీళ్లను ఫ్రిజ్‌లో పెట్టి, శుభ్రమైన పల్చటి నూలు గుడ్డ ముంచి పిండి కళ్ల మీద వేసుకోండి. రెండు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోండి.

పత్యం గురించి తప్పకుండా చెప్పాలి. మన ఇళ్లలో ఆపరేషన్ అయితే పప్పు పెట్టరు, గుడ్డు పెట్టరు, చీము పడుతుందని పత్యం కారంతో అన్నం మాత్రమే పెడతారు. పెద్దవాళ్లది ప్రేమే, కానీ గాయం మానడానికి కావలసింది ఆ పప్పూ గుడ్డే. తినండి. తగ్గించాల్సింది ఉప్పు: ఊరగాయ, అప్పడం, ఎండుచేప ఓ రెండు వారాలు పక్కన పెట్టండి. కంట్లో ఆముదం, చనుబాలు, ఆకు పసర్లు వేయనివ్వొద్దు. అమ్మమ్మ ఎంత చెప్పినా వద్దు.

వంగి ముగ్గు వేయడం, బిందెలు మోయడం, పొయ్యి దగ్గర పొగలో కూర్చోవడం, బైకు మీద గాలికి పోవడం రెండు వారాలు ఆపండి. కాటుక, లెన్సులు కూడా అప్పటిదాకా వద్దు. బయట కుట్లు ఉంటే అయిదు నుంచి ఏడు రోజుల్లో విప్పుతారు. గాయం మానాక కూడా బయటికి వెళ్తే నల్లద్దాలు, టోపీ పెట్టుకోండి. కమిలిన చోట ఎండ పడితే మచ్చ నిలిచిపోతుంది.

మొదటి వారం అద్దంలో చూసుకుని చాలామంది దిగులుపడతారు. ఒక కన్ను ఎక్కువ వాచి, ఇంకోటి తక్కువ వాచి ఉంటుంది. కంటి తెల్లగుడ్డు మీద జెల్లీలా నీరు చేరవచ్చు, చుక్కల మందుతో తగ్గుతుంది. రెప్ప కొద్దిగా కిందికి లాగినట్టుంటే డాక్టర్ చూపించిన పద్ధతిలో పైకి మర్దన చేయాలి, చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఎరుపు పెరిగినా, చీము కారినా, జ్వరం వచ్చినా రాసిచ్చిన తేదీ దాకా ఆగకుండా వెళ్లండి.

మూడు నెలలు దాటినా ఒక పక్క ఉబ్బు మిగిలిందనిపిస్తే, ముందు తీసిన ఫోటోలు పక్కన పెట్టుకుని, అదే వెలుతురులో కొత్త ఫోటో తీసి డాక్టర్‌కి చూపించండి. నిజంగా సరిచేయాల్సి వస్తే మామూలుగా ఆరు నెలలు గడిచాకే చేస్తారు. అంతకుముందే వేరే ఆసుపత్రికి పరుగెత్తి మళ్లీ కోయించుకోవద్దు.